90కీ 91కీ మధ్య: బాసర ట్రిపుల్ ఐటీ సీటును పదో తరగతి గ్రేడు తేల్చిన తీరు

ముందు నలుగురు పిల్లల మార్కులు చూడండి. వీళ్లు నిజంగా ఉన్న పిల్లలు కారు, లెక్క కోసం కూర్చినవాళ్లు. అయితే ఇలాంటి మార్కులు వచ్చే పిల్లలు ఏ మండలంలోనైనా దొరుకుతారు.

మొదటి విద్యార్థి, ప్రైవేటు బడి: తెలుగు 91, హిందీ 91, ఇంగ్లిష్ 91, లెక్కలు 91, సైన్సు 91, సోషల్ 91. మొత్తం 546.

రెండో విద్యార్థి, ప్రైవేటు బడి: తెలుగు 98, హిందీ 97, ఇంగ్లిష్ 90, లెక్కలు 100, సైన్సు 99, సోషల్ 98. మొత్తం 582.

మూడో విద్యార్థి, జెడ్పీ హైస్కూలు: తెలుగు 93, హిందీ 92, ఇంగ్లిష్ 82, లెక్కలు 95, సైన్సు 91, సోషల్ 88. మొత్తం 541.

నాలుగో విద్యార్థి, జెడ్పీ హైస్కూలు: తెలుగు 95, హిందీ 94, ఇంగ్లిష్ 88, లెక్కలు 97, సైన్సు 90, సోషల్ 89. మొత్తం 553.

మార్కుల ప్రకారం నిలబెడితే వరుస రెండు, నాలుగు, ఒకటి, మూడు. గ్రేడు పద్ధతి నడిచిన ఏళ్లలో బాసర మెరిట్ జాబితాలో వీళ్ల వరుస మూడు, ఒకటి, నాలుగు, రెండు. అంటే అచ్చంగా తలకిందులు. ఇందులో ఎవరి పొరపాటూ లేదు, ఏ అధికారీ జోక్యం చేసుకోలేదు. నిబంధనలను ఉన్నవున్నట్టు అమలు చేస్తే వచ్చిన ఫలితమే ఇది. ఎలా వచ్చిందో విప్పి చూపడమే ఈ కేస్ స్టడీ పని. ‘మార్కులు తిరిగొచ్చాక’ అన్న భాగం దాకా గ్రేడుల గురించి చెప్పేదంతా తెలంగాణలో 2024 వరకు నడిచిన ఆ పద్ధతి లెక్కే.

సంస్థ, ఎంపిక

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఇంగ్లిష్ పొట్టి పేరు ఆర్జీయూకేటీ, జనం నోట ట్రిపుల్ ఐటీ) ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో చట్టం ద్వారా ఏర్పడింది. మొదట నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపస్‌లు. రాష్ట్ర విభజన తర్వాత బాసర తెలంగాణకు వచ్చింది, ఆంధ్రాలో ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. పదో తరగతి కాగానే తీసుకుని, రెండేళ్ల పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే ఉంచి చదివిస్తారు. పల్లెటూరి పిల్లలు కోచింగ్ సెంటర్ గడప తొక్కకుండానే ఇంజినీరింగ్‌కు రావాలన్నది దీని ఉద్దేశం. అందుకే ప్రవేశ పరీక్ష పెట్టలేదు. పదో తరగతి ఫలితమే కొలత.

బాసరలో ఏటా దొరికే సీట్లు సుమారు 1,500. పదో తరగతి రాసేవాళ్లు ఐదు లక్షల చిల్లర. ఇంత తేడా ఉన్నచోట వడపోతంతా ఒక్క జీపీఏ (సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు) అంకె మీదే పడేది. రిజర్వేషన్లు, స్థానిక కోటా వేరే పొరలు. ప్రతి పొర లోపల వరుస మాత్రం ఈ అంకే వేసేది.

జీపీఏ లోపల ఏముంది

తెలంగాణలో సీసీఈ (ఏడాది పొడవునా మదింపు చేసే) పద్ధతి వచ్చాక ప్రతి సబ్జెక్టుకూ పబ్లిక్ పరీక్ష 80 మార్కులు, బడిలో వేసే ఇంటర్నల్స్ 20. రెండూ కలిపి 91 నుంచి 100 వస్తే ఏ1, 10 పాయింట్లు. 81 నుంచి 90 వస్తే ఏ2, 9 పాయింట్లు. అక్కడినుంచి పది మార్కులకో మెట్టు దిగుతుంది. హిందీ దారి వేరు. దాని పాస్ మార్కు 20 కాబట్టి మెట్లు కూడా కాస్త కిందికి జరిగి ఉంటాయి, ఏ1 90 దగ్గరే మొదలవుతుంది. ఆరు సబ్జెక్టుల పాయింట్లు కూడి ఆరుతో భాగిస్తే జీపీఏ.

ఆరుతో భాగించడం వల్ల జీపీఏకి ఏ విలువ పడితే ఆ విలువ రాదు. అన్నీ ఏ1 అయితే 10. ఒక్కటి ఏ2 అయితే 59 బై 6, మెమోలో 9.8. రెండయితే 9.7, మూడయితే 9.5, నాలుగయితే 9.3, ఐదయితే 9.2, ఆరూ ఏ2 అయితే 9. ఈ ఏడు అంకెల మధ్యే వేల మంది కిక్కిరిసి నిలబడతారు. 9.9 అనే జీపీఏ ఉండనే ఉండదు. ఎవరైనా తమ పిల్లవాడికి 9.9 వచ్చిందంటే మెమో మరోసారి చూడమనండి.

ఇప్పుడు మొదటి ఇద్దరి సంగతి తేలిపోతుంది. అన్నింటా 91 తెచ్చుకున్నవాడు 10. ఐదింట 97కు తగ్గకుండా తెచ్చుకుని ఇంగ్లిష్‌లో 90 దగ్గర ఆగినవాడు 9.8. ముప్పై ఆరు మార్కులు ఎక్కువ వచ్చినా వెనకబడ్డాడు. 91 దాటాక వచ్చే తొమ్మిది మార్కులకూ విలువ లేదు. 90 నుంచి 91కి వెళ్లే ఆ ఒక్క మార్కుకే విలువంతా. ఇది తెలిసిన బడులు జనవరి నుంచి లెక్కల్లో 95 వస్తున్నవాడి చేత మళ్లీ లెక్కలు చేయించవు, వాడికి 86 వస్తున్న సోషల్ మీద కూర్చోబెడతాయి. చదువు దృష్టితో ఇది మంచిదా అంటే వాదించవచ్చు. సీటు దృష్టితో మాత్రం అదే సరైన పని.

ఇంటర్నల్స్ అనే ఇరవై

ఏడాదిలో బడి పెట్టే నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు, ఒక్కోటి 20 మార్కులు, వాటి సగటు తుది మార్కులో చేరుతుంది. ఒక్కో ఫార్మేటివ్‌లో నాలుగు ఐదులు: తరగతిలో పాల్గొనడం, రాతపని, ప్రాజెక్టు, లఘు పరీక్ష. వేసేది ఆ బడి ఉపాధ్యాయులే.

ఏ1 కావాలంటే 91. ఇంటర్నల్స్‌లో 20కి 20 పడినవాడికి పబ్లిక్ పరీక్షలో 71 చాలు. 18 పడినవాడికి 73 కావాలి. ప్రాజెక్టు సమయానికి ఇవ్వలేదనో, లఘు పరీక్ష నాడు పొలం పనికి పోయి బడి మానేశాడనో 16 వేస్తే 80కి 75 తెచ్చుకోవాలి. అంటే ఐదు మార్కులకు మించి పోకూడదు. నిక్కచ్చిగా మార్కులు వేసే ఉపాధ్యాయుడి చేతిలో పడ్డ పిల్లవాడు పరీక్ష హాల్లోకి అడుగుపెట్టకముందే నాలుగు మార్కులు వెనక ఉంటాడు. చాలా బడుల్లో ఇంటర్నల్స్ 19, 20 తప్ప కనిపించకపోవడానికి కారణం పిల్లల ప్రతిభ ఒక్కటే కాదని అందరికీ తెలిసిందే.

దీనికి ఒకటే ఉపాయం. ఫార్మేటివ్ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించేముందు పిల్లలకు చూపించి, తప్పిన ప్రాజెక్టులు రాయించుకోవాలి. ఎక్కించాక మార్పు కోసం తిరగడం కంటే ఇది తేలిక.

0.4 అసలు విలువ ఎంత

గ్రేడు కాలంలో ప్రభుత్వ బడుల్లో చదివినవారి జీపీఏకి 0.4 కలిపేవారు. నోటిఫికేషన్ భాషలో దీని పేరు డిప్రివేషన్ స్కోరు. వెనకబాటును లెక్కలోకి తీసుకోవడమన్నమాట. పదిలో 0.4 అంటే 4 శాతమే కదా, దానికింత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లున్నారు. మెట్లు గుర్తుంటే జవాబు దొరుకుతుంది. ఒక్కో మెట్టు ఆరింట ఒక వంతు, అంటే 0.17కి కొంచెం తక్కువ. 0.4లో అలాంటివి రెండు మెట్లు నిండుగా పడతాయి, మూడోది పట్టదు. అంటే ప్రభుత్వ బడి విద్యార్థి రెండు సబ్జెక్టుల్లో ఏ2కు జారినా ప్రైవేటు బడిలో పది తెచ్చుకున్నవాడి కంటే ముందుంటాడు. మూడు జారితే వెనక.

మన మూడో విద్యార్థికి 9.7కు 0.4 కలిపితే 10.1. మొదటివాడి 10 కంటే పైన. నాలుగో విద్యార్థికి 9.5 కాబట్టి 9.9. మొదటివాడి కింద, రెండోవాడి 9.8 కంటే పైన. వరుస తలకిందులు కావడం ఇలా. మూడు, నాలుగు ఇద్దరూ ఒకే రకం బడి. నాలుగోవాడికి 12 మార్కులు ఎక్కువ, లెక్కల్లో కూడా ఎక్కువే. సైన్సులో 90 దగ్గర ఆగడం ఒక్కటే అతన్ని దించింది.

ప్రైవేటు బడిలో పదికి పది వచ్చినా ఓపెన్‌లో సీటు ఎందుకు రాలేదని తల్లిదండ్రులు అడిగితే చెప్పాల్సింది ఇదే. పైన 10.4 వాళ్లు, 10.2 వాళ్లు, 10.1 వాళ్లు మూడు వరుసలు నిలబడ్డాకే 10 మొదలవుతుంది.

ఇక్కడ దశాంశాలు చేసే చిన్న మాయ ఒకటుంది. జీపీఏ ఒక్క దశాంశానికి కుదించి వస్తుంది. ప్రభుత్వ బడిలో నాలుగు ఏ2లు వచ్చినవాడికి అసలు విలువ 9.333, మెమోలో 9.3. ప్రైవేటులో రెండు ఏ2ల వాడికి 9.667, మెమోలో 9.7. అసలు విలువలతో లెక్కిస్తే 9.733 వర్సెస్ 9.667, ప్రభుత్వ బడి పిల్లవాడు ముందు. కుదించిన అంకెతో లెక్కిస్తే 9.7, 9.7, ఇద్దరూ సమానం. 8.8కీ 9.2కీ మధ్య కూడా ఇదే. పై అంకె 9కి తగ్గని మిగతా జతలన్నింటా రెండు మెట్ల తేడా 0.3గానే అచ్చవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఈ రెండు చోట్ల మాత్రం 0.4 ఇవ్వాల్సిన ఆధిక్యం టై కింద మారిపోతుంది. టై అయితే ముందు చూసేది లెక్కల గ్రేడు. నాలుగు ఏ2లు ఉన్నవాడికి వాటిలో ఒకటి లెక్కలే అయ్యే అవకాశం ఎక్కువ కదా.

టై తెగేది ఎక్కడ

సమాన జీపీఏ వస్తే వరుసగా చూసేవి: లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్, సోషల్, ప్రథమ భాష. అప్పటికీ తెగకపోతే వయసులో పెద్దవారికి ముందు. అదీ సమానమైతే హాల్‌టికెట్ నంబరు నుంచి తీసిన యాదృచ్ఛిక సంఖ్యలో చిన్నది ఎవరిదైతే వారికి.

చూడటానికి పద్ధతిగానే ఉంది. అయితే పది జీపీఏ దగ్గర ఈ మొదటి ఐదు వడపోతలూ పనిచేయవు. పది వచ్చిందంటేనే అన్నింటా ఏ1, లెక్కలు చూసినా ప్రథమ భాష చూసినా అందరూ సమానం. కాబట్టి పోటీ అన్నిటికంటే తీవ్రంగా ఉన్నచోటే చదువుతో సంబంధం లేని పుట్టిన తేదీ నిర్ణయం తీసుకుంటుంది. లెక్కల్లో 100 వచ్చినవాడు, 91 వచ్చినవాడి కంటే నాలుగు రోజులు చిన్నవాడైతే వెనకే. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ‘ఏదో ఒక తేదీ వేయండి సారూ’ అన్న తల్లిదండ్రులకు ఆ తేదీ పదేళ్ల తర్వాత ఇలా ఎదురొస్తుంది.

9.8 దగ్గర మాత్రం వడపోత పనిచేస్తుంది. అక్కడ ఒక్క ఏ2 ఎందులో పడిందన్నదే ప్రశ్న. లెక్కల్లో పడితే ఆ గుంపులో చివర. ఇంగ్లిష్‌లో పడితే నడుమ. ప్రథమ భాషలో పడితే పైకి. హిందీలో పడితే అన్నిటికంటే మేలు, ఎందుకంటే ఐదు సబ్జెక్టుల వరుసలో హిందీ ఊసే లేదు. ఆరు సబ్జెక్టులకూ సమాన వెయిటేజీ అని పైకి చెప్పే పద్ధతిలో, లెక్కలకు అందరికంటే ఎక్కువ, హిందీకి అందరికంటే తక్కువ బరువు పడేది ఇక్కడే.

రీకౌంటింగ్ అనే గుడ్డి పందెం

గ్రేడు కాలంలో మెమో మీద మార్కులు అచ్చయ్యేవి కావు. ఏ2 అని చూసినవాడికి తనది 90యో 81యో తెలియదు. 81 అయితే రీకౌంటింగ్‌కు డబ్బు కట్టడం దండగ. 90 అయితే ఒక్క మార్కు కూడికలో తేలినా సీటు గుమ్మంలోకి వస్తుంది. సబ్జెక్టుకు రీకౌంటింగ్ 500 రూపాయలు, జవాబు పత్రం నకలుతో రీవెరిఫికేషన్ 1,000. ఏ సబ్జెక్టు మీద కట్టాలో తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. ఇంటర్నల్ మార్కు బడి రిజిస్టరులో ఉంటుంది. పిల్లవాడు ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, రాసినవి నిజాయితీగా గుర్తుచేసుకుంటే పబ్లిక్ పరీక్ష మార్కు రెండు మూడు అటూ ఇటుగా అందుతుంది. రెండూ కలిపి 88కి పైన తేలిన సబ్జెక్టు మీదే కట్టాలి. రెండు సబ్జెక్టులు అలా తేలి ఒక్కదానికే డబ్బుంటే లెక్కల మీద కట్టాలి, ఎందుకో పైన చెప్పుకున్నాం.

ఫలితం దరఖాస్తు గడువులోపు రాకపోవచ్చు. పాత జీపీఏతోనే దరఖాస్తు పెట్టి, గ్రేడు మారితే సవరించిన మెమోతో వెంటనే విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి. రీకౌంటింగ్ ఫలితం వచ్చాక పెడదామని ఆగడమంత పొరపాటు ఇంకోటి లేదు.

దరఖాస్తు ఫారంలో జరిగే తప్పుల్లో ఎక్కువ నష్టం చేసేది బడి రకం ఎంచుకోవడం. ఏ బడులకు 0.4 వర్తిస్తుందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో రాసినదే ప్రమాణం. రెసిడెన్షియల్ బడులు, ఎయిడెడ్ బడుల విషయంలోనే తకరారు వస్తుంది, ‘గవర్నమెంటు బడే కదా’ అని పెట్టేయకూడదు. వర్తించనిచోట పెడితే ధ్రువపత్రాల పరిశీలనలో 0.4 పోతుంది, దాంతో పాటే సీటు. వర్తించినచోట పెట్టకపోతే అడిగేవాళ్లుండరు. ఇంకా స్థానికతకు బోనఫైడ్ సర్టిఫికెట్లు తరగతి తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక ఏడు బంధువుల ఊళ్లో చదివి ఉంటే ఆ బడి నుంచి కూడా తెచ్చుకోవాలి. కౌన్సెలింగ్ తేదీకి రెండు రోజుల ముందు ఈ సంగతి గుర్తొస్తే ఆ ఊరి బడికి వేసవి సెలవులై ఉంటాయి.

కొలతే విరిగిన ఏడు

గ్రేడు మీద ఆధారపడ్డ ఎంపికకు ఒకటే ప్రాణాధారం: అందరికీ ఏ1 రాకూడదు. 2021లో కోవిడ్ వల్ల తెలంగాణలో పదో తరగతి పరీక్షలు జరగలేదు, ఇంటర్నల్స్‌నే పెంచి గ్రేడులిచ్చారు. పదికి పది వచ్చినవాళ్లు రెండు లక్షలు దాటారు. వాళ్లలోంచి పదిహేను వందల మందిని పుట్టిన తేదీతో ఏరడం సాగే పని కాదు కాబట్టి ఆ ఏడు బాసర ప్రవేశాలకు పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) ర్యాంకు వాడారు. ఆంధ్రాలో 2020లోనే పరీక్షలు రద్దవడంతో ఆర్జీయూకేటీ సెట్ పేరుతో డిసెంబర్ 5న విడిగా పరీక్ష పెట్టారు. లెక్కలు 50, భౌతిక రసాయన శాస్త్రాలు 25, జీవశాస్త్రం 25. కోచింగ్ అక్కర్లేని ప్రవేశమన్న మూల ఉద్దేశం ఆ రెండేళ్లూ పక్కకు జరిగింది. గైడ్లు బజార్లోకి రావడానికి వారం కూడా పట్టలేదంటే అతిశయోక్తి కాదేమో.

బడి మార్కులకు ఎంత బరువివ్వాలన్న పేచీ ఎంసెట్‌లో కూడా నడిచింది. అక్కడ ఎంసెట్‌కు 75, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులకు 25. అంటే ఇంటర్‌లో 24 మార్కులకు ర్యాంకు లెక్కలో ఒక పాయింటు, ఎంసెట్‌లో దాదాపు రెండు మార్కులతో సమానం. ఇంటర్‌లో అందరికీ 95 శాతం వస్తున్నప్పుడు ఆ పాతిక ఎవరినీ విడదీయదు. తెలంగాణ 2023లో దాన్ని తీసేసింది.

మార్కులు తిరిగొచ్చాక

ఆంధ్రాలో గ్రేడులు పోయి 2022 ఫలితాలు మార్కుల్లో వచ్చాయి. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో 0.4 స్థానంలో 4 శాతం వచ్చింది. తెలంగాణ మెమోల్లో మార్కులు 2025లో తిరిగొచ్చాయి.

మన నలుగురిని ఇప్పుడు 4 శాతంతో నిలబెడదాం. 600 మీద 4 శాతం 24. రెండోవాడు 582, నాలుగోవాడు 577, మూడోవాడు 565, మొదటివాడు 546. 4 శాతాన్ని తెచ్చుకున్న మార్కుల మీద లెక్కించినా ఈ వరుస మారదు. గ్రేడు కాలంలో అట్టడుగున ఉన్న రెండోవాడు ఇప్పుడు ముందు, పదికి పది వాడు చివర. పుట్టిన తేదీ దాకా వెళ్లాల్సిన అవసరం కూడా బాగా తగ్గుతుంది, ఎందుకంటే సమాన మొత్తాలు వచ్చినా లెక్కల్లో 97కీ 95కీ తేడా కనిపిస్తుంది. జనవరిలో 86 వస్తున్న సోషల్ మీద మాత్రమే కూర్చోబెట్టే వ్యూహానికి కూడా కాలం చెల్లింది. ఏ సబ్జెక్టులో పెరిగినా మార్కు మార్కే, ఎక్కడ తేలిగ్గా పెరుగుతుందో అక్కడ పెంచుకోవాలి.

కొత్త చిక్కు ఇంటర్నల్స్ దగ్గర వచ్చింది. గ్రేడు కాలంలో 16 పడినా పబ్లిక్ పరీక్షలో 75 తెచ్చుకుంటే ఆ నాలుగు మార్కుల లోటు మెట్టు లోపల మునిగిపోయేది, 20 పడినవాడితో సమానంగా ఏ1 వచ్చేది. మార్కుల్లో ఏదీ మునగదు. ఒక బడి ఆరు సబ్జెక్టుల్లోనూ 20 వేసి, ఇంకో బడి ఆరింటిలోనూ 16 వేస్తే తేడా 24. ప్రభుత్వ బడి పిల్లవాడికి ఇస్తామన్న 4 శాతం కూడా సరిగ్గా 24. ఆంధ్రాలో ఇంటర్నల్స్ తీసేశారు కాబట్టి అక్కడ ఆ 24 నికరంగా మిగులుతుంది. ఇంటర్నల్స్ 20 ఉన్నంత కాలం, నిక్కచ్చిగా వేసే జెడ్పీ హైస్కూలు పిల్లవాడికి పదిలో 0.4తో సమానమైన ఆ 24 చేతికి రాకముందే ఖర్చయిపోయి ఉంటుంది.